తడిగుడ్డ కింద చివరి కట్ట

“ఈ పొద్దు ఆకు ఎంత మిగిలింది మే?”

“ఒక్కటి గూడా మిగల్లేదప్పా. గంప ఊడ్చినట్ల ఉండాది.”

“అట్లైతే ఎవరో ఒకరు ఉత్త చేతుల్తో పోయింటారు.”

“పోతే పోనీ. నువ్వు కండ్లు మూసుకోని పండుకో.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. అనంతపురం ఆసుపత్రిలో, సాయంత్రం పూట, కిటికీ పక్క మంచం మీద. తెల్లారేసరికి మనిషి లేడు.

పరామర్శకు వచ్చినవాళ్ళందరూ అదే అడిగారు, చివరికి ఏమన్నాడని. పిల్లలు లేరు, అప్పగింతలు చెప్పడానికి ఎవరూ లేరు. అయినా దేవుణ్ణి తలుచుకున్నాడనో, నన్ను జాగ్రత్తగా ఉండమన్నాడనో చెబుతానని నా మొగం చూసేవాళ్ళు. ఆయన చెల్లెలైతే నా చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. తమలపాకు సంగతి మాట్లాడాడమ్మా అని ఎట్లా చెప్పను? నిద్రలోనే పోయాడని చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలిసింది కాబట్టి చెబుతున్నాను.

చెప్పేది నేను, రాసేది ఆ చెల్లెలి కూతురు. నాకు సంతకం పెట్టడమూ, బస్సు బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కోవడమూ వచ్చు, అంతే. నా మాటను పుస్తకాల తెలుగులోకి సర్ది రాస్తానంది పిల్ల. సరే అన్నాను. మనుషులు మాట్లాడుకున్న మాటల జోలికి మాత్రం పోవద్దన్నాను. ఆయన నోట్లోంచి వచ్చింది ఆయన మాటలాగే ఉండాలి కదా.

మాది ఉరవకొండ బస్టాండు పక్కన రేకుల బంకు. తమలపాకు, వక్క, సున్నం అమ్ముతాం. వక్క ఏడాదైనా ఉంటుంది, సున్నానికి చావే లేదు. ఆకు ఒక్కటే ప్రాణమున్న సరుకు. యాడికి ఊరి వైపు తోటల నుంచి తెల్లవారి బస్సులో గంప వస్తుంది. గంప దింపుకోగానే మీద కప్పిన ఎండు అరటాకులు తీసి, కట్టలు విప్పి, ఒక్కొక్క ఆకూ చూడాలి. మచ్చ పడినదీ, నలిగినదీ పక్కన పెట్టాలి. కుళ్ళిన ఆకు ఒక్కటి లోపల ఉండిపోతే సాయంత్రానికి తన పక్కవాటిని కూడా పట్టుకుంటుంది. మళ్ళీ పేర్చి తడిగుడ్డ కప్పాలి. తడి ఎక్కువైతే నల్లబడుతుంది, తక్కువైతే వాడుతుంది. మా ఆషాఢం గాలి తెలుసు కదా, నిలబడిన మనిషినే ఎండగట్టే గాలి. ఆ గాలికి ఆకును కాపాడటమంటే పసిబిడ్డను కాపాడినట్టే.

ఆ పని నాది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ నా చేతులకు ఆకు తెలుసు. కళ్ళు మూసుకుని ముట్టుకున్నా ఇది ఈ రోజుదా, నిన్నటిదా చెబుతాను. కానీ రేపటికి ఎన్ని కట్టలు కావాలో చెప్పే పని ఎప్పుడూ ఆయనదే. సాయంత్రం తోటాయన ఫోన్ చేసేవాడు. ఈయన ఫోను చెవికి పెట్టుకుని, ఆకాశం చూసి, గోడకున్న పంచాంగం చూసి, తర్వాత రోడ్డు చూసేవాడు. చూసి ఒక మాట అనేవాడు. అంతే.

ఆకాశం ఎందుకంటే, వాన పడితే వేరుశనగ విత్తనానికి కూలీలు పోతారు. కూలికి పోయే ఆడవాళ్ళకు కడుపులో ఏం ఉన్నా లేకపోయినా నోట్లో వక్కాకు ఉండాలి. వాన ఎగ్గొడితే సగం ఊళ్ళు బెంగళూరు బస్సెక్కుతాయి, ఆకు నమిలే నోళ్ళే ఉండవు. పంచాంగం ఎందుకంటే, ముహూర్తాలుంటే పెళ్ళివాళ్ళు కట్టలకు కట్టలు తీసుకుంటారు. మంగళవారం, శనివారం కసాపురం ఆంజనేయస్వామికి ఆకుల దండ కట్టించుకుపోయేవాళ్ళుంటారు. రోడ్డు ఎందుకు చూసేవాడో నాకు తెలిసేది కాదు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, అందులో చూసేదేముంది అనుకునేదాన్ని.

“ఏం చూస్తాండావప్పా, నీ పెండ్లికి వచ్చినోళ్ళు ఎవరన్నా దిగుతాండారా?” అని ఎగతాళి చేసేదాన్ని.

“నీకు చెప్పినా తెలీదులే. నువ్వు ఆకు చూసుకో, నేను మనుషుల్ని చూసుకుంటా,” అనేవాడు.

రాత్రి గంప అడుగున చాలా రోజులు కొంచెం ఆకు మిగిలేది. నాకది నచ్చేది కాదు. “రవ్వంత తక్కువ చెప్పచ్చు కదా, దుడ్లు పోసి కొని కుళ్ళబెట్టేదా?” అని సణిగేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆసుపత్రిలో ఉన్న దినాల్లో నేనే పొద్దున బంకు తెరిచి, మధ్యాహ్నం దాకా అమ్మి, బస్సెక్కి ఆయన దగ్గరికి పోయేదాన్ని. సగం పూటే కదా అని తక్కువ ఆకు తెప్పించాను. ఆ రోజు మొత్తం అమ్ముడుపోయింది. పరుగున పోయి సంతోషంగా చెబితే ఆయన అన్న మాట మొదట చెప్పానే, అదీ. నాకు లోపల చివుక్కుమంది. ఇంత కష్టపడి ఒక్క ఆకు కుళ్ళనీయకుండా అమ్ముకొస్తే మెచ్చుకోడేమిటి ఈ మనిషి అనుకున్నాను.

కర్మకాండలు అయ్యాక మరిది వచ్చాడు. మంచివాడే. నా బాగు కోరే చెప్పాడు.

“వదినా, ఫోన్లకు కవర్లు అమ్మేటోడు ఒకడు బంకు అడుగుతాండాడు. నెలనెలా బాడుగ ఇస్తాడంట. నువ్వు నెమ్మదిగా ఇంట్లో కూసో.”

“కూసోని ఏం చేయల్ల?”

“ఏం చేస్తావు, టీవీ చూడు.”

“ఆ టీవీలో ఆడోళ్ళు ఎప్పుడూ ఏడుస్తాంటారు గదప్పా. నేను ఏడ్చింది చాలదా?”

వాడు నవ్వాడు కానీ మాట వదలలేదు. రెండు మూడు నెలలు చూడు, జరగకపోతే ఇచ్చేద్దాం అన్నాడు. నేను సరేనన్నాను. లోపల మాత్రం ఒకటే అనుకున్నాను, ఆ బంకులో కూర్చుంటే నేనొక మనిషిని. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు పలకరిస్తారు. ఇంట్లో కూర్చుంటే ఎవరో పెట్టింది తినే ముసలిదాన్ని. ఆ బంకు నా చేతిలోంచి పోకూడదు.

తెరిచిన మొదటి దినాల్లో తోటాయనకు ఆయన చెప్పే మాటే చెప్పాను. అవే కట్టలు వచ్చాయి. అమ్ముడుపోలేదు. ఎందుకో తెలిసిందే కదా. ముహూర్తాల రోజు పట్టుచీర కట్టుకున్న ఒకామె బంకు ముందుకొచ్చి, “అన్న లేడా?” అంది. లేడమ్మా అన్నాను. అప్పుడు నా నుదురు చూసింది. చేతిలో ఉన్న సంచీ వెనక్కి తీసుకుంది.

“ఊరికే అడిగినా లే అక్కా,” అని రోడ్డు దాటి ఎదురంగడికి పోయింది.

ఆమెను నేనేమీ అనను. తాంబూలానికి పెట్టే ఆకు ముత్తయిదువ చేతి మీదుగా రావాలంటారు. నేనూ మా ఇంట్లో పెళ్ళి పెట్టుకుని ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. పెళ్ళివాళ్ళు తగ్గారు, వ్రతాలవాళ్ళు తగ్గారు. కట్టలు నల్లబడ్డాయి. సాయంత్రం ఆ నల్లటి ఆకుల్ని మేకలకు వేస్తుంటే నా చేతులు నన్నే తిట్టినట్టుండేది.

అందుకని తగ్గించాను. సగం చేశాను. ఆ సగం మధ్యాహ్నానికే అయిపోయేది. ఒక్క ఆకు కుళ్ళేది కాదు. గంప బోర్లించి, బంకు మూసి, అన్నం వేళకు ఇంటికి వచ్చేదాన్ని. నాకు గర్వంగా ఉండేది. చూడప్పా, నీ వల్ల కానిది నేను చేశాను అని ఫోటో ముందు నిలబడి అనేదాన్ని కూడా.

అప్పుడు తోటాయన ఫోన్ చేశాడు.

“అక్కా, నీ కొట్టుకు పంపేది ఒక గంప గూడా నిండడం లేదు. ఇంత దానికి బస్సుకు ఎత్తించి, దింపించి, నాకు కుదరదు.”

“ఇన్నేండ్ల వాడుక కదప్పా.”

“వాడుకైతే ఏం చేద్దునక్కా, బోర్లో నీళ్ళు లేవు. సగం తోట ఎండింది. ఉన్న ఆకు నిలకడగా తీసుకునేటోళ్ళకే ఇయ్యల్ల. శ్రావణం వస్తే అందరూ నా కాళ్ళు పట్టుకుంటారు. ఆషాఢం దాటేలోపల ఒక మాట చెప్పు. దినానికి ఎన్ని కట్టలు, తప్పకుండా, పండగున్నా లేకున్నా. ఆ మాట మీద నిలబడతానంటే నీ వాడుక నీకే. లేదంటే గుంతకల్లులో అడుగుతాండారు, వాళ్ళకిస్తా.”

వాడి మీద కోపం రాలేదు. వాడి తోట ఎండితే వాడి ఇల్లు ఎండుతుంది. కానీ భయం వేసింది. ఎక్కువ చెబితే కుళ్ళుతుంది. తక్కువ చెబితే వాడు ఆపేస్తాడు. ఆకు రాకపోతే ఆకు బంకు ఎందుకు? అప్పుడు మరిది మాటే గెలుస్తుంది, ఫోను కవర్లు వచ్చి కూర్చుంటాయి.

ఇది రాస్తున్న ఈ పిల్ల అప్పటికి నా దగ్గరే ఉంది. డిగ్రీలో లెక్కలు చదివి, ఉద్యోగం పరీక్షలకు చదువుకుంటూ, నాకు తోడుగా వచ్చి ఉంది. నేను వరండాలో కూర్చుని ఆకు తొడిమలు గిల్లుతుంటే పక్కకు వచ్చి కూర్చుంది.

“అత్తా, ఆకు ఎప్పటికి అయిపోతాది దినమూ?”

“మధ్యాహ్నానికే.”

“ఆ తర్వాత ఎంతమంది వస్తాండారు?”

“ఎవురొస్తారు పాపా, బంకు మూసేస్తా కదా.”

“మూసేస్తే ఎంతమంది వచ్చినారో నీకెట్ల తెలుస్తాది?”

“ఆకే లేనప్పుడు తెలిసి ఏం చేయల్ల?”

పిల్ల తల కొట్టుకుంది. “ఎంత కావాల్నో తెలుసుకోవల్లంటే అదే కదత్తా తెలియాల్సింది! నువ్వు అమ్మింది ఎంతో నీకు తెలుసు. జనానికి కావాల్సింది ఎంతో తెలీదు. రెండూ ఒకటి కాదు.”

నాకు ఎక్కలేదు. అది నా ముందున్న తొడిమల్ని తీసుకుని నేల మీద వరసగా పేర్చింది.

“ఇవి కట్టలనుకో. ముందర ఉండేవి ఎట్లైనా పోతాయి, వాటిని వదిలెయ్. ఈ చివర్లో ఉండే ఒక్క కట్ట గురించే ఆలోచించు. దీన్ని తెప్పించల్లనా, వద్దా? అమ్ముడుపోతే నీకెంత మిగులుతాది?”

“కొన్నంతే మిగులుతాది. ఒకటికి ఒకటి.”

“కుళ్ళిపోతే?”

“కొన్నదంతా పాయె.”

“అంటే వచ్చేదీ పోయేదీ సమానం. పది దినాలు తెప్పిస్తే సగానికి పైన దినాలు ఆ కట్ట పోతాదనుకో, తెప్పించల్ల. పోదనుకుంటే వద్దు. అంతే లెక్క.”

“పోని దినాలు కుళ్ళిపోతాది కదా?”

“కుళ్ళిపోతాది.”

“దానికి ఒప్పుకోవల్లనా?”

“ఒప్పుకోవల్ల. ఏ పొద్దూ ఒక్క ఆకు గూడా కుళ్ళలేదంటే, నువ్వు తక్కువ తెప్పిస్తాండావని అర్థం. ఎవరో ఉత్త చేతుల్తో పోతాండారని అర్థం.”

నా చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. ఎవరో ఉత్త చేతులతో పోయుంటారు. అదే మాట. ఈ పిల్ల ఆ రోజు ఆసుపత్రిలో లేదు. నేను ఎవరికీ చెప్పలేదు. కాలేజీలో చెప్పే లెక్క ఈ పిల్ల నోటి నుంచి వస్తుంటే, ఆయన మంచం మీద నుంచి అన్నట్టే వినిపించింది.

“ఏమైంది అత్తా?” అంది.

“ఏం లేదు. సున్నం ఘాటు,” అన్నాను. నా దగ్గర సున్నం లేదు.

మర్నాడు పిల్ల ఒక పని చెప్పింది. ఆకు ఎక్కువ తెప్పించొద్దు, ఉన్నదే అమ్ము. అయిపోయాక మాత్రం బంకు మూయొద్దు, చివరి బస్సు పోయేదాకా కూర్చో. ఆకు అడిగి లేదనిపించుకున్న ప్రతి మనిషికీ ఒక తొడిమ ఈ డబ్బాలో వెయ్యి అంది. ఖాళీ సున్నం డబ్బా ఒకటి కడిగి ఇచ్చింది.

ఉత్త గంప ముందు పెట్టుకుని కూర్చోవడమంత సిగ్గు ఇంకొకటి లేదు. టీ అంగడతను మొదటి రోజే మొదలుపెట్టాడు.

“ఏమక్కా, ఉత్త గంప ముందర కూసోని తపస్సు చేస్తాండావా? ఏం వరం ఇస్తాడు దేవుడు?”

“నీ నోరు మూయించే వరం అడుగుతాండా లేప్పా.”

“అది ఆయప్ప వల్ల గూడా కాదులే అక్కా, మా ఆడమనిషినే అడుగు!”

మధ్యాహ్నమంతా ఒకరో ఇద్దరో. గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. నేనే గెలిచాను, సాయంత్రం పిల్లకు దాదాపు ఖాళీగా ఉన్న డబ్బా చూపిస్తాననుకున్నాను. పొద్దు వాలాక పల్లెల వైపు పోయే బస్సులు ఒక్కొక్కటి వచ్చి నిలబడటం మొదలైంది. కూలి ముగించుకున్న ఆడవాళ్ళు, సంతకు వచ్చిన ముసలివాళ్ళు, మగ్గం దిగి వచ్చిన నేతవాళ్ళు. బస్సు కదిలేలోపు గబగబా వచ్చి, గంప చూసి, నా మొగం చూసి, వెనక్కి తిరిగేవాళ్ళు. తొడిమ వెనక తొడిమ డబ్బాలో పడుతూ ఉంది.

ఒక ముసలామె మాత్రం తిరిగి పోలేదు. బంకు పలక మీద చెయ్యి పెట్టి నిలబడింది.

“ఏం మే, ఆకు లేదా ఈ పొద్దు గూడా?”

“లేదవ్వా.”

“నీ మొగుడుండంగా నాకిట్ల ఎప్పుడూ కాలేదు. బస్సు దిగి నేనొస్తాంటేనే చూసి, ఆ తడిగుడ్డ కింద చెయ్యి పెట్టేటోడు. చివర్లో ఒక కట్ట మా పల్లెల బస్సోళ్ళ కోసమే పెట్టినోడు మే వాడు. నువ్వొచ్చినాక మధ్యాహ్నానికే పలక మూస్తివి. పెద్ద యాపారస్తురాలివై పోతివి!”

“ఎదురంగట్లో తీసుకోకపోయినావా అవ్వా?”

“ఆ పచ్చి ఆకు నాకు పండ్లు లేని నోట్లో కారం గదా మే! నిన్నటి ఆకైతే మెత్తగా ఉంటాది, వాడు నాకదే ఇచ్చేటోడు. పండిన ఆకు, పండిన ముసల్ది, రెండూ సరిపోయినాయి అనేటోడు.”

ఆమె నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఆయన రోడ్డు ఎందుకు చూసేవాడో అప్పుడు తెలిసింది. బస్సుల్లోంచి దిగే నోళ్ళను చూసేవాడు. గంప అడుగున మిగిలేది మిగులు కాదు. వస్తారో రారో తెలియని మనుషుల కోసం తెలిసే పెట్టేవాడు. వస్తే ఇచ్చేవాడు. రాని రోజు కుళ్ళేది. నేను చూసింది ఆ రాని రోజుల్నే.

ఆ ముసలామె పేరున డబ్బాలో రెండు తొడిమలు వేశాను. ఒకటి ఆ రోజుకు, ఒకటి నేను మూసుకుని పోయిన రోజులకు. ఈ సంగతి రాస్తూ పిల్ల ఇప్పుడు నన్ను కోప్పడుతోంది, అట్ల వేస్తే లెక్క తప్పుతుందంట. తప్పనీ.

కొన్ని దినాలు అలాగే కూర్చున్నాను. పిల్ల రోజూ తొడిమలు లెక్కపెట్టుకుని ఫోనులో ఏదో నొక్కుకునేది. మామ లెక్కలు ఇప్పుడు పనికిరావు అత్తా అంది. ఆయన ఉన్నప్పుడు పెళ్ళిళ్ళు, పూజలు ఎక్కువ, పంచాంగాన్ని బట్టి ఎక్కువా తక్కువా అయ్యేది. ఇప్పుడు వాళ్ళు లేరు, నమిలేవాళ్ళున్నారు. వాళ్ళకు ముహూర్తాలు లేవు. నోరు ప్రతిరోజూ ఉంటుంది. నీ అంగడి చిన్నదైంది కానీ నిలకడైంది అంది. తోటాయన అడిగిందీ నిలకడే. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

లెక్క కట్టి ఒక మాట చెప్పింది. అది ఆయన చెప్పే మాట కంటే తక్కువ, నేను చెప్పే మాట కంటే ఎక్కువ. నాకు ఇంకా గుబులుగానే ఉంది.

“మిగిలితే తెల్లారి ఆ ముసలామెకు ఇస్తా అనుకో, అయినా మిగిలితే?” అన్నాను.

పిల్ల తలెత్తింది. “తెల్లారి ఇస్తావా? మిగిలింది పారేస్తావు కదా?”

“ఒక దినానికే ఏంటికి పారేస్తా? నా చేతిలో ఆకు రెండో దినానికి గూడా నిలబడతాది. ముసలోళ్ళకు అదే కావల్ల. మూడో దినానికి మేకలకు.”

“అయ్యో అత్తా, ఇది ముందే చెప్పకపోతివే! నేను మిగిలిందంతా పోయిందని లెక్క కట్టినా.”

“నువ్వు అడగకపోతివి. నాకు తెలిసింది అందరికీ తెలుసనుకుంటి.”

మళ్ళీ తొడిమలు పేర్చింది. మిగిలిన కట్ట అంతా నష్టం కాదు, తెల్లారి సగమైనా పోతుంది, అంటే చివరి కట్టకు భయపడాల్సింది తక్కువ అంది. సగం దినాలు కూడా అమ్ముడుపోనక్కర్లేదు, అంతకు తక్కువైనా తెప్పించవచ్చట. ఇంకో కట్ట పెంచింది. నాకు లెక్క పూర్తిగా ఎక్కలేదు. ఒక్కటి మాత్రం ఎక్కింది. ఆకును ఇంకొక రోజు బతికించే నా చెయ్యి కూడా ఆ లెక్కలో ఉంది. ఇన్నేళ్ళూ ఆయన పని ఆయనదీ, నా పని నాదీ అనుకున్నాను. నా చెయ్యి లేకుంటే ఆయన ఆ చివరి కట్ట పెట్టగలిగేవాడే కాదు.

పెంచిన కొత్తలో కొన్ని రోజులు కుళ్ళింది. నల్లబడిన ఆకు చేతిలోకి తీసుకుంటే పాత కోపమే వచ్చేది. ఒక రోజు వాన కొట్టి బస్సులు సరిగా రాలేదు, అడుగు కట్టంతా మిగిలింది. మరిది అటుగా వచ్చి చూశాడు.

“చెప్పినా కదా వదినా. చూడు, ఎట్ల నష్టపోతాండావో.”

“నష్టం కాదప్పా ఇది.”

“మరేంది, లాభమా?”

“రానోళ్ళ వాటా.”

వాడికి అర్థం కాలేదు. నాకూ పూర్తిగా అర్థమైందని చెప్పను.

ఆషాఢం ముగిసే ముందు రోజు సాయంత్రం తోటాయన ఫోన్ చేశాడు. పిల్ల పక్కన కూర్చుని వేళ్ళతో సంఖ్య చూపిస్తోంది. నేను దాని వేళ్ళు చూడలేదు. రోడ్డు చూశాను. పల్లెల బస్సు వచ్చి నిలబడింది. దిగేవాళ్ళను చూసి చెప్పాను. పిల్ల చూపించిన మాటే చెప్పాను.

“పండగున్నా లేకున్నా?” అన్నాడు.

“పండగలోళ్ళు నా కాడికి రారు లేప్పా. ఆకలున్నోళ్ళు వస్తారు. వాళ్ళు దినమూ వస్తారు.”

వాడి వెనక నీళ్ళ మోటారు ఒకటి కొట్టుకుంటూ, ఆగుతూ వినిపించింది.

“అన్న చెప్పినట్లే చెప్తాండావక్కా,” అన్నాడు. “సరే. తెల్లారి బస్సుకు చూసుకో. మాట తప్పితే మాత్రం గుంతకల్లుకు పోతాది.”

“తప్పితే నేనే ఎత్తిస్తా గుంతకల్లుకు.”

శ్రావణం వచ్చింది. గంప రోజూ వస్తోంది. మరిది ఫోను కవర్లవాడికి వేరే చోటు చూపించాడట. మొదటి శుక్రవారం ముందు రోజు ఒక కొత్త కోడలు వచ్చి వ్రతానికి ఆకు అడిగింది. తెలిసి అడుగుతోందో తెలియక అడుగుతోందో అని నేనే చెప్పాను, ఎదురంగట్లో తీసుకోమ్మా అని. ఆ పిల్ల ఎదురంగడి వైపు చూసి, నా గంప చూసి, “ఈడే బాగుండాది కదా పెద్దమ్మా” అంది. ఇచ్చాను. ఆమె ఒక్కతే. అందరూ మారతారని నేను చెప్పను.

ఈ రోజు గంప అడుగున పిడికెడు ఆకు మిగిలింది. అవ్వ రాలేదు, ఊళ్ళో లేదేమో. తడిగుడ్డ మార్చి కప్పి పెట్టాను. ఎంత మిగిలింది మే అని ఇప్పుడు అడిగితే చెప్పగలను. పిడికెడు మిగిలిందప్పా, ఎవరూ ఉత్త చేతులతో పోలేదు.

మీ అమ్మకు ఇదే పంపించు పాపా. “మా అన్న చివరికి ఏమన్నాడు” అని అడిగింది కదా, ఇదీ ఆయన అన్నది. నవ్వుకున్నా సరే, ఏడ్చినా సరే. అంతా రాసినావా? ఏదీ, ఒక్కసారి చదివి వినిపించు. మొదట్నుంచీ చదువు. ఆయన మాట కాడ తొందరపడాకు, నిదానంగా చదువు.